వీధి గది వాటా

ఇన్నాళ్లూ ఏమీ రాయలేదేమని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు. రాజమండ్రి ఇల్లు అమ్మే పనిలో ఉన్నాను. ఇల్లు అమ్మడమంటే బ్రోకరుకి చెప్పడం, బేరం కుదరడం, సంతకం పెట్టి రావడం అనుకున్నాను. తీరా దిగాక, 1938 నుంచి ఆ ఇంట్లో బతికిన ఆడవాళ్ల చరిత్రంతా కూర్చుని చదవాల్సి వచ్చింది. అదీ దస్తావేజుల్లో.

ఇల్లు ఇన్నీసుపేటలో ఉంది. 300 గజాల స్థలం, మధ్యలో మండువా, వీధి వైపు అరుగు, అరుగుని ఆనుకుని ఒక చిన్న గది. దాన్ని అందరూ వీధి గది అంటారు. నేను 1986లో, గోదావరికి ఆ పెద్ద వరద వచ్చిన ఏడు, కోడలిగా ఆ గుమ్మంలో అడుగుపెట్టేటప్పటికి ఆ గదిలో మా ఆయన మేనత్త ఉండేవారు. మా మామగారికి ఒక్కగానొక్క చెల్లెలు. 1953లో భర్త పోతే రెండేళ్ల కూతుర్ని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేశారట. తర్వాత 1996లో పోయేదాకా ఆ గదిలోనే ఉన్నారు. జాకెట్లు కుట్టేవారు, వేసవిలో వడియాలు, అప్పడాలు పెట్టి అమ్మేవారు. మండువాలోకి పని ఉంటేనే వచ్చేవారు. "లోపలికొచ్చి కూచోండి" అంటే "నా చోటు నాకుందిలేవే" అనేవారు.

అత్తగారు 2019లో పోయాక ఇంటికి తాళం పడింది. ఇక అమ్మేద్దామని పోయినేడు నిర్ణయించుకున్నాం. మొదట వచ్చిన బ్రోకరు గడప దాటకుండానే, "ఇంటికి విలువ కట్టరండీ, స్థలానికే. ఎటూ పడగొట్టేదే కదా" అన్నాడు. గుమ్మాలు, దూలాలు మంచి టేకువి కాబట్టి వాటికి వేరే పార్టీ ఉందని, అది కూడా తనే చూసిపెడతానని చెప్పాడు. దూలం కింద నిలబడి దూలానికి రేటు చెబుతుంటే నాకెలాగో అయింది. రెండోవాడు కాస్త మర్యాదస్తుడు. వెల్ల వేయించమన్నాడు, పెరట్లో పిచ్చిమొక్కలు కొట్టించమన్నాడు, హాల్లో దండలేసిన ఫోటోలు తీసేయమన్నాడు. చూడ్డానికొచ్చేవాళ్లకి ముందు చావులు కనిపించకూడదట. ఏమాటకామాటే, అందులో నిజముంది. కొత్తగా కాపురం పెట్టాలని వచ్చిన పిల్ల మొహం ఆ ఫోటోలు చూసి ముడుచుకుపోవడం నేను చూశాను.

అటక దింపడానికి నాలుగు రోజులు పట్టింది. గంగాళం, మరచెంబులు, పెళ్లిపీటలు, ఉయ్యాల గొలుసులు, ఎందుకు దాచారో తెలియని నూనె డబ్బాలు. అన్నిటికీ వెనకాల ఒక రేకు పెట్టె. అది మేనత్తగారిది. దాని సంగతి తర్వాత చెబుతాను.

రెండో బ్రోకరే పార్టీని తెచ్చాడు. వాళ్లు బ్యాంకు లోనుకి వెళుతున్నారు కాబట్టి లింకు డాక్యుమెంట్లు కావాలన్నాడు. లింకు అంటే ఇప్పుడు అమ్మే వాళ్లకి ఆ ఆస్తి ఎవరి దగ్గర్నుంచి, వాళ్లకి ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో చెప్పే పాత కాగితాల వరస. మా దగ్గర ఉన్నది ఒక్కటే దస్తావేజు. తాతగారు, అంటే మా మామగారి నాన్నగారు, 1938లో కొన్నది. రాజుగారి బొమ్మ ఉన్న స్టాంపు కాగితం, మడతల దగ్గర చిరిగిపోయి, పల్చటి గుడ్డ అంటించి ఉంది. అక్షరం మాత్రం ముత్యాల్లా ఉంది.

అమ్మినావిడ ఒక వితంతువు. పిల్లలు లేరు. ఆ కాగితంలో సగం భాగం తాను ఎందుకు అమ్ముకుంటున్నదో ఆవిడ చెప్పుకోవడంతోనే సరిపోయింది. భర్త జబ్బుకి చేసిన అప్పు ఇంత, ఆయన కర్మకాండలకి అయింది ఇంత, మునిసిపాలిటీ పన్ను బకాయి ఇంత, తన పోషణకి ఇంకో దారి లేదు. కింద ఆవిడ వేలిముద్ర. దాని పక్కన ఆవిడ మరిదిగారి సంతకం, ఈ అమ్మకం తనకి సమ్మతమేనని. ఇల్లు ఆవిడదైతే మరిది ఒప్పుకోవడమేమిటి? మనం ఇప్పుడు ఇల్లు అమ్మితే అప్పుల చిట్టా దస్తావేజులో రాస్తామా?

మాకు తెలిసిన ఒక పెద్ద లాయరుగారు చెప్పారు దాని వెనకాల కథ. ఆ రోజుల్లో కొడుకులు లేని భర్త సొంత ఆస్తి భార్యకి వచ్చేది. కానీ ఆవిడ ఉన్నన్నాళ్లు అనుభవించడానికే. ఆవిడ తర్వాత అది ఆవిడ వాళ్లకి కాదు, భర్త వారసులకి పోతుంది. అమ్మాలంటే చట్టం ఒప్పుకునే అవసరం ఉండాలి. భర్త అప్పు, కర్మకాండలు, పన్నులు, తిండీ గుడ్డా. ఆ అవసరం లేకుండా అమ్మితే ఆ అమ్మకం ఆవిడ ప్రాణంతోనే సరి. ఆవిడ పోయాక పన్నెండేళ్ల లోపు భర్త తరఫు వారసుడు కోర్టుకెళ్లి ఆస్తి వెనక్కి లాక్కోవచ్చు. అందుకని కొనేవాళ్లు భయపడి అవసరాలన్నీ కాగితం మీద రాయించుకునేవారు, రేపు అడ్డం వచ్చే మనిషి చేత ముందే సంతకం పెట్టించుకునేవారు. ఆవిడ తన దరిద్రమంతా రాయించుకుంది కొనేవాళ్ల నిబ్బరం కోసం.

అలాగని ఆవిడ ఇంకో పెళ్లి చేసుకుందామంటే? వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్లోనే, 1881 డిసెంబరు 11న. ఆ పెళ్లిళ్లకి దన్నుగా నిలిచిన 1856 చట్టంలోనే ఇంకో మాట కూడా ఉంది. మళ్లీ పెళ్లి చేసుకున్న వితంతువుకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు, ఆవిడ అప్పుడే చనిపోయిందన్నట్టుగా, పోతుంది. ఈ మాట మనకి స్కూల్లో చెప్పలేదు.

దస్తావేజు చివర్లో కొన్నవారు ఆ ఇంటిని పుత్రపౌత్ర పారంపర్యంగా ఆచంద్రార్కం అనుభవించవచ్చునని ఉంది. అన్ని పాత దస్తావేజుల్లోనూ ఉండే మాటే. పుత్రులు, పౌత్రులు. మా ఇంట్లో కూడా అందరం అలాగే అనుకున్నాం. తాతగారి ఇల్లు మామగారిది, మామగారిది మా ఆయనది, ఆడపడుచుకి ఎంతో కొంత ఇద్దాం. పన్ను రసీదు మామగారి పేరునే ఉంది. ఈసీ తీయించాం. కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుది రిజిస్ట్రారు ఆఫీసులో పుస్తకాలు వెతికించుకోవాలి. అదీ వెతికించాం. 1938 తర్వాత ఏ లావాదేవీ లేదు. "క్లీన్‌గా ఉందండీ" అన్నాడు బ్రోకరు. నేనూ అలాగే అనుకున్నాను. ఈసీలో రిజిస్టరైన కాగితాలే కనిపిస్తాయి, మనిషి పోతే వచ్చే వారసత్వం అందులో కనిపించదని నాకు అప్పటికి తెలియదు. మీలో ఎవరైనా ఇల్లు కొనబోతుంటే ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

లాయరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "తాతగారు ఎప్పుడు పోయారమ్మా?" 1961లో అన్నాను. "వీలునామా ఉందా?" లేదు. ఆయన ప్లీడరు గుమాస్తా. ఊరందరి వీలునామాలూ రాసిన మనిషి తనది రాసుకోలేదు. మర్చిపోయారో, కావాలనే రాయలేదో ఇక ఎవరూ చెప్పలేరు. లాయరుగారు ఒక తెల్ల కాగితం తీసుకుని గీతలు గీశారు. 1956 జూన్ 17న హిందూ వారసత్వ చట్టం వచ్చింది. ఆ తేదీ తర్వాత పోయిన మగవాడి స్వార్జితం, వీలునామా లేకపోతే, భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా వస్తుంది. తాతగారి ఇల్లు మూడు వాటాలు. నానమ్మగారికి ఒకటి, మామగారికి ఒకటి, వీధి గదిలో జాకెట్లు కుట్టుకున్న మేనత్తగారికి ఒకటి. నానమ్మగారు 1974లో పోయారు, ఆవిడా ఏమీ రాయలేదు. ఆవిడ వాటా కొడుకుకీ కూతురికీ సగం సగం. అంటే 1974 నుంచి ఆ ఇంట్లో సగం మామగారిది, సగం మేనత్తగారిది.

నేను ఆ కాగితం కేసి చూస్తూ ఉండిపోయాను.

తాతగారు 1955లో పోయి ఉంటే లెక్క వేరేగా ఉండేది. అప్పటికి 1937 నాటి చట్టం ఉండేది. దాని ప్రకారం నానమ్మగారికి కొడుకుతో సమానంగా ఒక వాటా, అదీ బతికినన్నాళ్లు అనుభవించడానికే. కూతురికి సున్నా. ఒక మనిషి ఏ ఏట పోయాడన్న దాన్ని బట్టి ఇంకో మనిషి ఇంటి యజమానురాలో, ఇంట్లో పడి ఉన్న మనిషో తేలుతుంది.

ఆ 1956 చట్టం ఊరికే రాలేదు. అంబేద్కర్ గారు హిందూ కోడ్ బిల్లుని పార్లమెంటులో మోసి మోసి, అది సాగక 1951లో మంత్రి పదవి వదిలేశారు. తర్వాత ఆ బిల్లుని ముక్కలు చేసి నాలుగు చట్టాలుగా తెచ్చారు. బిల్లు వైపు గట్టిగా నిలబడిన ఆడ సభ్యుల్లో ఒకరు 1909లో ఈ రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి గారు. ఆవిడ పుట్టిన ఊళ్లోనే, చట్టం వచ్చాక నలభై ఏళ్లు బతికిన ఒక మనిషికి ఆ చట్టం తనకేమిచ్చిందో తెలియలేదు.

తెలిసినా ఏం చేయగలిగేవారంటారా? అదీ అడిగాను. చట్టంలో ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో పట్టుకుంది. 23వ సెక్షనని ఉండేది. కుటుంబం కాపురముండే ఇంట్లో కూతురికి వాటా ఉన్నా, మగ వారసులు పంచుకుంటామనేదాకా ఆవిడ పంచమని అడగడానికి లేదు. పెళ్లికాని కూతురో, భర్త వదిలేసిన కూతురో, వితంతువైన కూతురో అయితే అందులో ఉండే హక్కు మాత్రం ఉంది. వీధి గది అచ్చంగా ఆ సెక్షనే. ఉండొచ్చు, పంచమనకూడదు. 2005లో ఆ సెక్షను తీసేశారు. అప్పటికి ఆవిడ పోయి తొమ్మిదేళ్లు.

నెల్లూరు జిల్లా తులశమ్మగారి కేసు గురించి కూడా అప్పుడే విన్నాను. భర్త పోయాక మనోవర్తి కోసం, కోర్టు ఫీజు కట్టుకునే స్తోమత లేనిదాన్నని అర్జీ పెట్టుకుని మరీ 1944లో దావా వేసింది. 1949లో రాజీ చేసి కొంత ఆస్తి ఇచ్చారు, అనుభవించడానికే తప్ప అమ్మడానికి వీల్లేదని. 1961లో ఆవిడ అందులో కొంత అమ్మింది. భర్త సవతి సోదరుడు కోర్టుకెక్కాడు. హైకోర్టు ఆవిడ కాదంది. 1977లో సుప్రీంకోర్టు, మనోవర్తి కింద ఇచ్చినా సరే 1956 చట్టంతో అది ఆవిడ సొంత ఆస్తే అయిపోయిందని తేల్చింది. దేశమంతా లాయర్లు ఇప్పటికీ ఆ తీర్పు చెబుతారట. దావా వేసిన నాటి నుంచి లెక్క వేస్తే ముప్పై మూడేళ్లు.

ఇక ఆ రేకు పెట్టె. అందులో రెండు తెల్ల పంచలు, కత్తెర, దారపు ఉండలు, ఒక లెక్కల పుస్తకం. 1962 నుంచి మొదలైంది. జాకెట్టు కుట్టినందుకు ఎంత, పప్పు ఎంత, పిల్ల స్కూలు జీతం ఎంత. ప్రతి నెలా మొదటి వరసలో ఒకటే మాట. "వదినకు, గదికి, 15." వదిన అంటే మా అత్తగారు. సగం ఇల్లు తనదైన మనిషి ఆ ఇంట్లో ఒక గదికి నెలనెలా అద్దె కట్టింది.

ఆ పుస్తకం మా ఆయనకి చూపించలేదు, రెండు రోజులు. మా అత్తగారు చెడ్డ మనిషి కాదు. నా పురుళ్లు పోసింది, నాకు జ్వరమొస్తే రాత్రంతా కూచుంది. ఆవిడ ఆ పదిహేను రూపాయలు ఎలా తీసుకుందో నాకు మింగుడుపడలేదు.

బ్రోకరుకి విషయం చెబితే నవ్వాడు. "మేడమ్, ఆవిడ పోయి ఇన్నేళ్లయింది. కూతురు ఎక్కడో ఖరగ్‌పూర్‌లో అంటున్నారు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్టు మీ మామగారి వరకే చూపిద్దాం. అంతగా అయితే ఆవిణ్ణి ఓసారి పిలిచి పసుపు కుంకుమ కింద పట్టుచీర పెట్టి ఒక సంతకం తీసుకోండి. అందరూ చేసేదే." అందరూ చేసేదేనన్నది నిజమే. నా పుట్టింట్లో మా అన్నయ్యకి నేను అలాగే సంతకం పెట్టాను, చీర నచ్చిందని కూడా చెప్పాను.

లెక్క తేలాక మా ఆయన వాటా ఇంట్లో పావు వంతు. మామగారి సగం, అత్తగారూ పోయారు కనుక, ఈయనకీ ఆడపడుచుకీ చెరి సగం. మిగతా సగం మేనత్తగారి కూతురిది. మేము విశాఖలో చూసిన ఫ్లాటు సగం ఇంటి డబ్బు మీద లెక్క వేసుకున్నది. ఈయన మూడు రోజులు సరిగా మాట్లాడలేదు. "యాభై ఏళ్లు పన్ను కట్టింది నాన్న. పెంకులు మార్పించింది నాన్న" అన్నారు. అదీ అబద్ధం కాదు. నేను పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయాను. గంట తర్వాత వచ్చి, "వదిన నంబరు నీ దగ్గరుందా?" అన్నారు.

ఆడపడుచు కథ ఇంకో రకం. "నాది 1983లో పెళ్లి కదా వదినా, ఎన్టీఆర్ చట్టానికి ముందు. నాకేం రాదు" అంది ఫోన్లో. ఇన్నేళ్లూ అలాగే అనుకుంటోంది పాపం. 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చిన ఆంధ్ర సవరణ, కూతుళ్లకి కొడుకులతో సమానంగా పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు ఇచ్చింది. అలా ఇచ్చిన మొదటి రాష్ట్రం మనది. ఆ తేదీకి ముందు పెళ్లయిన వాళ్లని మాత్రం బయట పెట్టింది. 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ పెళ్లి గీత లేదు. తండ్రి అప్పటికి బతికి ఉండక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇదంతా పిత్రార్జితం సంగతి. ఈ ఇల్లు తాతగారి స్వార్జితం, దాంట్లో ఆయన వారసులకి వచ్చిన వాటా ఎవరిది వాళ్లదే. తండ్రి వాటాలో కూతురికి భాగం 1956 నుంచీ ఉన్నదే, పెళ్లి ఎప్పుడైందన్న ప్రశ్నే లేదు. చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి మీ అన్నయ్య దగ్గర నువ్వెందుకు సంతకం పెట్టావ్?" అంది. నా దగ్గర జవాబు లేదు.

మేనత్తగారి కూతురు మా ఆయనకి వదిన వరస, నాకు అక్క వరస. డెబ్బై దాటాయి. ఫోన్ చేసి సంగతి చెప్పగానే, "నాకెందుకే ఇప్పుడు?" అంది. వాటా ఎంతో చెబితే నేను లెక్క తప్పానేమోనంది. మళ్లీ చెప్పాను. పవరాఫ్ అటార్నీ పంపితే చాలు, అంత దూరం రానక్కర్లేదన్నాను. వస్తానంది. కొడుకుని వెంటబెట్టుకుని రైల్లో వచ్చింది.

బేరం కూడా మారింది. సంతకాలు ముగ్గురివీ ఉంటాయనేసరికి పార్టీ తరఫు లాయరు హమ్మయ్య అన్నాడట. ఎవరి వాటా సొమ్ము వాళ్ల ఖాతాలోనే పడాలని అగ్రిమెంటులో రాయించాను. బ్రోకరు దానికి కొంచెం గునిశాడు గానీ కమీషను తగ్గదని తెలిశాక ఊరుకున్నాడు.

రిజిస్ట్రేషనుకి ముందు రోజు అక్కని ఇంటికి తీసుకెళ్లాను. వెల్ల వేసి, ఖాళీ చేసి, ఫోటోలు తీసేసిన ఇల్లు. మండువాలో ఆగలేదు, తిన్నగా వీధి గదిలోకి వెళ్లింది. కిటికీ దగ్గర కుట్టుమిషను గుర్తు నేల మీద ఇంకా ఉంది. పుస్తకం చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని నాలుగు పేజీలు తిప్పింది. నేను అడగనే అడిగాను, అత్తయ్య ఈ డబ్బు ఎలా తీసుకునేదక్కా అని.

"అత్తయ్య తీసుకోనంది మొదట్లో. రెండు నెలలు తీసుకోలేదు. ఆ రెండు నెలలూ అమ్మ ఇంట్లో అన్నం తినలేదు. ఊరికే ఉంటే మాట పడాలి అనేది. తర్వాత అత్తయ్యే చేయి చాచేది, అమ్మ తింటుందని."

మర్నాడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఒకరి తర్వాత ఒకరికి ఫోటోలు, వేలిముద్రలు తీసుకున్నారు. అక్క వంతు వచ్చేసరికి వేలు పడలేదు. వయసు మీద పడ్డ చేతులు, గీతలు అరిగిపోయాయి. అక్కడి కుర్రాడు తడిగుడ్డతో తుడిచి, మళ్లీ నొక్కించి, మళ్లీ తుడిచాడు. నాలుగోసారికి పడింది.

పార్టీ వాళ్లు వచ్చే నెల ఇల్లు పడగొడతారట. వీధి గది తలుపు ఒక్కటి ఇమ్మని అడిగాను. ఇస్తామన్నారు. ఖరగ్‌పూర్‌కి లారీలో ఎలా పంపాలో కనుక్కుంటున్నాను.